ఎముకకు ఒదిగిన లోహం

హైదరాబాదు నగరంలోని ముషీరాబాదులో ఒకప్పుడు కారాగారం ఉన్న విశాలమైన స్థలంలో నేడు గాంధీ ఆసుపత్రి ఉంది. 1851లో సికింద్రాబాదులో ఆరంభమైన ఈ వైద్యాలయం 2003లో ఇక్కడికి తరలివచ్చింది. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి ఇరుగుపొరుగు పేటల నుంచే కాక దూరపు జిల్లాల నుంచీ రోగులు దీనిని వెతుక్కుంటూ వస్తారు. ఎముకలు, కీళ్ల విభాగానికి వచ్చేవారిలో తుంటి నొప్పితో ఒకవైపుకు ఒరిగి నడిచేవారు తరచుగా కనిపిస్తారు. వారందరూ వృద్ధులు కారు. ముప్పై ఏళ్లు నిండనివారు కూడా వారిలో ఉంటారు. కీలు పూర్తిగా పాడైనప్పుడు దానిని తొలగించి లోహంతో, ప్లాస్టిక్‌తో, సిరామిక్‌తో చేసిన కృత్రిమ కీలును అమరుస్తారు. ఇదే తుంటి కీలు మార్పిడి.

ఎముక అరిగితే దానికంటె గట్టి వస్తువును పెడితే సరిపోతుందని ఎవరికైనా తోస్తుంది. వైద్యులకూ మొదట అలాగే తోచింది. ఆ ఆలోచన ఎంత పొరపాటో తెలియడానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

తొడ ఎముక పైకొన గుండ్రని బంతిలా ఉంటుంది. అది కటి ఎముకలోని గిన్నెవంటి గుంటలో ఇమిడి తిరుగుతుంది. జంతుశాస్త్ర గ్రంథాలలో ఆ గుంటకు శ్రోణి ఉలూఖలమని పేరు. ఉలూఖలమంటే రోలు. పేరుపెట్టిన పండితుడు ఎవరో గాని ఆకారాన్ని చక్కగా పట్టుకున్నాడు. అయితే రోలు ఉన్నది దంచడానికి, ఈ కీలు ఉన్నది దేనినీ నలగనీయకుండా తిరగడానికి. బంతికీ గిన్నెకూ పైపూతగా నున్నని మృదులాస్థి ఉంటుంది. వాటి నడుమ సైనోవియల్ ద్రవం కందెనలా పనిచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కీలులో పుట్టే ఘర్షణ, మంచుగడ్డ మీద మంచుగడ్డ జారినప్పటికంటె తక్కువ. బండి ఇరుసుకు ఎంత కందెన పూసినా ఈ నునుపు రాదు.

ఇంత సుకుమారమైన ఏర్పాటు మోసే భారం మాత్రం సామాన్యమైనది కాదు. 60 కిలోల బరువున్న మనిషి ఒంటికాలి మీద నిలిచినప్పుడు అతని తుంటి కీలు మీద ఎంత భారం పడుతుంది? 60 కిలోలకు మించదనిపిస్తుంది. కావడిని తలచుకుంటే అసలు లెక్క తెలుస్తుంది. కావడి బద్ద ఒకవైపు పొడవు రెండవవైపు పొడవులో సగమే ఉంటే, పొట్టివైపున రెట్టింపు బరువు కట్టాలి. అప్పుడే బద్ద సమంగా నిలుస్తుంది. మోసేవాని భుజం మాత్రం రెండు బరువులనూ కలిపి మోయాలి. దేహంలో తుంటి కీలే ఆ భుజం. నేలను ఆనిన కాలి బరువు పోగా మిగిలిన దేహభారం సుమారు 50 కిలోలు. అది కీలు కేంద్రానికి దాదాపు 10 సెంటీమీటర్ల దూరాన లోపలివైపుకు లాగుతుంది. కటి ఎముక అటు కూలిపోకుండా బయటివైపున పట్టి ఉంచే కండరాలకు దొరికే దూరం 5 సెంటీమీటర్లే. కనుక అవి 100 కిలోల బలంతో లాగాలి. నూరూ యాభై కలిసి 150 కిలోలు కీలు మీద పడతాయి. అంటే దేహభారానికి రెండున్నర రెట్లు.

ఈ విధమైన లెక్కను 1935లో జర్మన్ వైద్యుడు ఫ్రీడ్రిష్ పావెల్స్ విపులంగా చూపించాడు. తరువాతి కాలంలో బెర్లిన్‌లో గేయోర్గ్ బెర్గ్‌మన్ బృందం కృత్రిమ కీలులోనే కొలిచే పరికరాలు అమర్చి, నడిచే మనిషి నుంచి నేరుగా కొలతలు తీసుకొంది. మామూలు నడకలో భారం పావెల్స్ చెప్పిన మేరకే ఉంది. కాలు తట్టుకొని తూలినప్పుడు మాత్రం అది దేహభారానికి ఎనిమిది రెట్లకు చేరింది.

చేతికర్ర ఏ చేత పట్టాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. కుడి తుంటి నొప్పి పెడితే కర్రను కుడిచేత పట్టడం లోకంలో అలవాటు. పట్టవలసినది ఎడమచేత. ఎడమచేయి కుడి కీలుకు సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. ఆ చేతితో కర్ర మీద కేవలం 5 కిలోల బలం మోపితే, కండరాలు లాగవలసిన బలం 100 నుంచి 65 కిలోలకు దిగుతుంది. కీలు మీది మొత్తం భారం 150 నుంచి 110కి వస్తుంది. ఐదు కిలోలతో నలభై కిలోల ఉపశమనం! శస్త్రవైద్యుడు చేసేదీ ఒక విధంగా ఇదే. కృత్రిమ కీలు మెడ పొడవును, వంపును జాగ్రత్తగా ఎంచుకొని కండరాలకు 5కు బదులు 6 సెంటీమీటర్ల దూరం కల్పిస్తే, కర్ర లేకుండానే కీలు భారం 133 కిలోలకు తగ్గుతుంది.

ఇక వస్తువుల మాట. 1891లో జర్మనీలో థెమిస్టోక్లెస్ గ్లుక్ దంతంతో కీళ్లు చేశాడు. 1923లో అమెరికాలో స్మిత్ పీటర్సన్ అరిగిన బంతికి గాజు గిన్నెను తొడిగాడు. గాజు భారానికి తాళలేక పగిలింది. పదిహేనేళ్ల తరువాత ఆయనే కోబాల్టు, క్రోమియంల మిశ్రలోహంతో గిన్నె చేయించాడు. ఇవన్నీ తొలి అడుగులు. ఈ శస్త్రచికిత్సకు నేటి రూపమిచ్చినవాడు ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రికి చెందిన జాన్ చార్న్‌లీ.

ఘర్షణను తగ్గించడమే చార్న్‌లీ పట్టుకొన్న సూత్రం. అందుకోసం 1950ల చివర ఆయన గిన్నెను టెఫ్లాన్‌తో చేశాడు. నేడు వంటింటి పెనాలకు పూసే పదార్థమే అది. దానికంటె నున్ననైన ఘనపదార్థం దొరకడం కష్టం. రోగులు నొప్పి మరచి నడిచారు. మూడేళ్లు తిరిగేసరికి కథ మారింది. టెఫ్లాన్ గిన్నెలు వేగంగా అరిగిపోయాయి. రాలిన పొడి చుట్టూ ఉన్న కణజాలాన్ని రగిల్చి గడ్డలు కట్టించింది. సుమారు 300 మందికి అమర్చిన కీళ్లు ఇలా విఫలమయ్యాయి. ఘర్షణ తక్కువగా ఉన్నంత మాత్రాన అరుగుదల తక్కువగా ఉండదు. అవి రెండూ వేరువేరు గుణాలన్న సంగతి ఆ రోగుల బాధ ద్వారా వైద్యశాస్త్రానికి తెలిసివచ్చింది.

1962లో మగ్గాల యంత్రాలకు పళ్లచక్రాలు చేసే ఒక ప్లాస్టిక్ నమూనా రైటింగ్టన్‌కు చేరింది. అది అత్యధిక అణుభారం గల పాలిథిలీన్. గోటితో నొక్కితే సొట్టపడే ఆ ముక్కను చూసి చార్న్‌లీ పెదవి విరిచాడు. ఆయన ఊరిలో లేని రోజుల్లో ప్రయోగశాల సహాయకుడు హ్యారీ క్రేవెన్ దానిని అరుగుదల యంత్రానికి ఎక్కించాడు. మూడు వారాల పాటు తిప్పినా అది అరిగింది, టెఫ్లాన్ ఒక్క రోజులో అరిగేదానికంటె తక్కువే. చార్న్‌లీ అంతటితో తృప్తిపడలేదు. రెండు ప్లాస్టిక్‌ల పొడినీ తన తొడలోనే చర్మం కింద పెట్టించుకొన్నాడు. టెఫ్లాన్ ఉన్నచోట గడ్డ కట్టింది, పాలిథిలీన్ ఉన్నచోట శరీరం పెద్దగా ఎదురుతిరగలేదు. ఆ సంవత్సరం నవంబరులో కొత్త గిన్నెతో శస్త్రచికిత్స మొదలైంది. ఉక్కు బంతి వ్యాసాన్ని ఆయన 22 మిల్లీమీటర్లకు కొద్దిగా ఎక్కువగా ఉంచాడు. బంతి చిన్నదైతే గిన్నెను తిప్పివేసే ఘర్షణ బలం కూడా తగ్గుతుంది. పరికరాన్ని ఎముకలో నిలపడానికి దంతవైద్యంలో వాడే ఎక్రిలిక్ ముద్దను ఎంచుకొన్నాడు. దానిని సిమెంటు అంటారు గాని అది అతికించే జిగురు కాదు. రాళ్ల సందుల్లో తాపీపనివాడు కూరే సున్నంలాగా ఖాళీలను నింపి, భారాన్ని నలుదిక్కులకూ పంచుతుంది.

పాలిథిలీన్ సైతం అరగని వస్తువేమీ కాదు. ఏడాదికి ఒక్కో కాలు పదిలక్షల అడుగుల వరకు వేస్తుంది. అడుగడుగుకూ కంటికి కనబడని రేణువులు రాలుతాయి. మైక్రాను కంటె చిన్నవైన ఆ రేణువులను రోగకారకాలుగా భావించి స్థూలభక్షక కణాలు మింగుతాయి గాని జీర్ణించుకోలేవు. అవి విడుదల చేసే సంకేతాలవల్ల ఎముకను కరిగించే కణాలు విజృంభిస్తాయి. చివరకు పరికరం చెక్కుచెదరకుండానే, దానిని పట్టి ఉంచే ఎముక కరిగి కీలు వదులవుతుంది. చాలాకాలం ఈ నేరాన్ని సిమెంటు మీద మోపారు. అసలు దోషి పొడి అని తెలిసిన తరువాత, 1990ల చివర వికిరణంతో పాలిథిలీన్ అణుశృంఖలాలను ఒకదానితో ఒకటి ముడివేసి దాని అరుగుదలను బాగా తగ్గించారు. 1970లో ఫ్రాన్సులో పియర్ బూటాన్ మొదలుపెట్టిన అల్యూమినా సిరామిక్ బంతి కూడా ఈ పొడిని తగ్గించే మార్గమే.

గట్టిదనమే గొప్పదనుకొన్నప్పుడు ఏమవుతుందో ఇంకొక ఉదంతం చెబుతుంది. ప్లాస్టిక్‌ను వదలి బంతినీ గిన్నెనూ కోబాల్టు, క్రోమియం లోహంతోనే చేసిన ఎ.ఎస్.ఆర్. అనే రకాన్ని డెప్యూ సంస్థ 2010 ఆగస్టులో ప్రపంచమంతటా విపణి నుంచి ఉపసంహరించుకొంది. రాపిడికి వెలువడిన లోహ అయానులు కొందరి కండరాలను దెబ్బతీసి, రక్తంలో కలిశాయి. భారతదేశంలో సుమారు 4,700 మందికి ఆ కీళ్లు అమర్చారు. కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుల సంఘం 2018లో నివేదిక ఇచ్చింది.

ఎముకలోకి దిగే కాడ విషయంలో చిక్కు మరొకటి. భారం మోసేచోట ఎముక బలపడుతుందని, పని లేనిచోట క్షీణిస్తుందని 1892లో జూలియస్ వోల్ఫ్ సూత్రీకరించాడు. యంగ్ గుణకం ఉక్కుకు దాదాపు 200 గిగాపాస్కల్‌లు. తొడ ఎముక గట్టిపొరకు 15 నుంచి 20 మాత్రమే. కాడికి కట్టిన రెండెద్దులలో ఒకటి మరీ బలిష్ఠమైతే బరువంతా అదే లాగుతుంది. అలాగే బిరుసైన లోహపు కాడ భారమంతా తానే మోసి, చుట్టూ ఉన్న ఎముకను నిరుద్యోగిని చేస్తుంది. టైటానియం మిశ్రలోహపు గుణకం సుమారు 110. ఎముకకు ఇంకా దూరమే అయినా ఉక్కు కంటె చాలా దగ్గర. పైగా దాని గరుకు ఉపరితలం మీదికి ఎముక స్వయంగా పెరిగి అల్లుకొంటుంది. అక్కడ సిమెంటు అవసరముండదు. కాని టైటానియాన్ని బంతిగా వాడరు. రాపిడికి దాని మీద తొందరగా గీతలు పడతాయి. అందుచేత ఒకే కీలులో కాడకు టైటానియం, బంతికి సిరామిక్ లేదా కోబాల్టు లోహం, గిన్నెకు పాలిథిలీన్ తలా ఒక పని పంచుకొంటాయి.

లోహశాస్త్రం హైదరాబాదుకు పరాయి విద్య కాదు. 1973లో కంచన్‌బాగ్‌లో స్థాపితమైన మిశ్రధాతు నిగమ్, విమానాలకూ క్షిపణులకూ కావలసిన టైటానియం లోహాలతోపాటు శరీరంలో అమర్చడానికి తగినవాటినీ తయారుచేస్తోంది. అక్కడికి సమీపంలోని క్షిపణి ప్రయోగశాలలోనే అబ్దుల్ కలాం బృందం నిమ్స్ ఎముకల వైద్యుల కోరికపై పోలియో బాలల కాలి కట్లను మిశ్రపదార్థంతో చేసింది. మూడు కిలోలకు పైగా తూగే కట్టు సుమారు 300 గ్రాములకు దిగింది. క్షిపణి కోసం కనిపెట్టిన తేలికదనం పసివాని కాలికి పనికివచ్చింది.

పాశ్చాత్య దేశాలలో తుంటి మార్పిడి ఎక్కువగా వృద్ధాప్యపు అరుగుదలకు చేస్తారు. మనదేశంలో తొడ ఎముక బంతికి రక్తప్రసారం ఆగి అది చచ్చిపోవడం ఒక ముఖ్యకారణం. దీర్ఘకాలం స్టెరాయిడ్లు వాడడం, మితిమీరిన మద్యపానం ఇందుకు దారితీస్తాయి. ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులలో కనబడే సికిల్‌సెల్ వ్యాధి కూడా అంతే. వీరిలో అనేకులు యువకులు. ముప్పై ఏళ్ల వయసులో అమర్చిన కీలు మరో ముప్పై ఏళ్లు నిలవాలంటే మూడు కోట్ల అడుగులను తట్టుకోవాలి. అది వదులైతే రెండవసారి శస్త్రచికిత్స తప్పదు. అప్పటికి ఎముక కొంత కరిగిపోయి ఉంటుంది కనుక ఆ పని మొదటిదానికంటె కష్టం, ఖర్చు కూడా ఎక్కువ.

కూర్చునే తీరు కూడా లెక్కలోకి వస్తుంది. కుర్చీలకు అలవాటైన సమాజం కోసం రూపొందిన చిన్న బంతి, గొంతుకు కూర్చున్నప్పుడు గిన్నె అంచును దాటి జారిపోయే ప్రమాదముంది. బంతి పెద్దదైతే జారడానికి ఎక్కువ దూరం పైకి లేవాలి. అయితే పాత పాలిథిలీన్‌లో పెద్ద బంతి ఎక్కువ పొడిని రాల్చేది. ముడివేసిన పాలిథిలీన్ వచ్చాకనే 32, 36 మిల్లీమీటర్ల బంతులు నిర్భయంగా వాడుకలోకి వచ్చాయి. అయినప్పటికీ శస్త్రచికిత్స తరువాత తొలినెలల్లో కండరాలు కుదుటపడేవరకు నేల మీద కూర్చోవద్దని, ముందుకు బాగా వంగి వస్తువులు తీయవద్దని వైద్యులు చెప్పి పంపుతారు. ఊరిలో నేలమట్టపు మరుగుదొడ్డి ఉన్న ఇంటికి వెళ్లేవారు దానిపై వేసుకోవడానికి, నడుమ రంధ్రమున్న నాలుగు కాళ్ల కుర్చీని వెంట తీసుకువెళ్లవలసి ఉంటుంది.