రైలు రాని సీమలో బల్ల మీద రైలు
దీపాలకు కంప్యూటర్ ఆజ్ఞలు. తీర్థాల లైటింగు పనివారికి ఇది కొత్త విద్య కాదు

అమలాపురం: గౌతమి, వశిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమ ప్రజలు రైలెక్కాలంటే ఏరు దాటవలసిందే. కాకినాడ నుంచి కోటిపల్లి వరకు, అంటే గౌతమి అవతలి గట్టు దాకా, ఒకప్పుడు రైలు వచ్చేది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పట్టాలను ఊడబెరికి తీసుకుపోయారు. ఆ దారిలో మళ్లీ బండి నడిచింది 2004లోనే. నాటి లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి పట్టుదలతో కోటిపల్లి – నర్సాపురం లైను మంజూరైంది. సుమారు 57 కిలోమీటర్ల ఈ మార్గానికి గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి. 2024 చివరి నాటికి కూడా అమలాపురంలో రైలు కూత వినబడలేదు.

అయితే రైల్వే స్టేషను ఎలా పనిచేస్తుందో, సిగ్నల్ దీపం ఎవరి మాట విని రంగు మారుతుందో తెలుసుకోవడానికి మన పిల్లలు వంతెనలు పూర్తయ్యే దాకా ఆగనక్కరలేదు. ఒక చెక్కబల్ల, కొన్ని చిన్న దీపాలు, బడిలో ఉన్న కంప్యూటర్ చాలు.

బల్ల మీద ఎంత పడుతుంది?

నమూనా రైళ్లను ఇష్టంగా తయారుచేసేవారు ప్రపంచమంతటా ఉన్నారు. వారు ఎక్కువగా వాడే కొలత అసలులో 87వ వంతు. ఈ లెక్కన కోటిపల్లి – నర్సాపురం లైను మొత్తం పరచాలంటే 655 మీటర్ల పొడవు కావాలి. ఎనిమిదడుగుల ప్లైవుడ్ చెక్క మీద పట్టేది 212 మీటర్ల దారి మాత్రమే. అంటే ఒక ప్లాట్‌ఫారం కొస, ఒక రైల్వే గేటు, ఒక పంటకాలువ, నాలుగైదు ఇళ్లు, కొబ్బరి తోట. నేర్చుకోవడానికి ఇంతే ఎక్కువ. కొబ్బరి ఈనెలు, పచ్చరంగు కాగితంతో చెట్లు తయారవుతాయి. అట్టపెట్టెలతో ఇళ్లు కట్టవచ్చు. అసలు పనంతా దీపాల దగ్గరే ఉంది.

మన దేశంలో ఇటువంటిది చూడాలంటే పుణేలో 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది. జర్మనీలోని హాంబర్గ్ నగరంలో ఇద్దరు కవల సోదరులు 2001లో ప్రారంభించిన ప్రదర్శన ప్రపంచ ప్రసిద్ధం. అక్కడ పావుగంటకొకసారి పగలు పోయి రాత్రి వస్తుంది. బొమ్మ ఊళ్లలోని లక్షల దీపాలను కంప్యూటర్లే వెలిగిస్తాయి, ఆర్పుతాయి.

రోలర్ నుంచి చిప్ దాకా

దీపాలకు వరసగా ఆజ్ఞలివ్వడం కోనసీమకు కొత్త కాదు. తీర్థాలలో, దసరా ఊరేగింపులలో నెమలి పింఛం విప్పినట్టు, చక్రం తిరిగినట్టు కనబడే లైటింగు సెట్టింగులు చూడనివారు మనలో లేరు. పూర్వం ఆ సెట్టింగు వెనక ఒక చెక్క రోలర్ ఉండేది. దాని మీద రాగి రేకులు అతికించేవారు. చిన్న మోటారు రోలర్‌ను తిప్పుతూ ఉంటే ఏ రేకు ఏ తీగకు తగిలితే ఆ వరస బల్బులు వెలిగేవి. నెమలి ఎప్పుడు పింఛం విప్పాలో ఆ రేకుల అమరికలోనే ఉండేది. నేటి కంప్యూటర్ ప్రోగ్రాం చేసేదీ అదే పని. రేకులకు బదులు అంకెలు వచ్చాయి, అంతే.

ఇప్పుడు తీర్థాల్లో కనబడే రంగురంగుల పిక్సెల్ దీపాలు, బల్ల మీది ఊరికి వాడే దీపాలు ఒకే జాతివి. ఒక్కొక్క దీపంలో ఒక చిప్ ఉంటుంది. దీపాలన్నిటికీ కలిపి మూడే తీగలు: రెండు కరెంటుకు, ఒకటి ఆజ్ఞకు. పెళ్లి పంక్తిలో విస్తరాకుల కట్ట అందిస్తే మొదటివాడు తన ఆకు తీసుకుని మిగతావి పక్కవాడికి ఇచ్చినట్టు, మొదటి దీపం తనకు వచ్చిన అంకెలు తీసుకుని మిగతావి రెండో దీపానికి పంపుతుంది. ఎరుపు, పచ్చ, నీలం ఒక్కొక్కటి 256 మెట్లలో ఎంత వెలగాలో ఆ అంకెలు చెబుతాయి. పాత సీరియల్ సెట్టులో ఒక్క బల్బు మాడితే వరసంతా ఆరిపోయేది. ఇక్కడ ఒక చిప్ చెడితే దాని తర్వాత ఉన్న దీపాలకు ఆజ్ఞ అందదు. చెడినది ఎక్కడో కనిపెట్టడం అందువల్ల సులువు.

కంప్యూటర్‌కు, దీపాలకు మధ్య అరచేతిలో పట్టే ఒక కంట్రోలర్ బోర్డు ఉంటుంది. ఇటలీలో 2005లో పుట్టిన ఆర్డుయినో బోర్డు ఇందుకు బాగా వాడుకలో ఉంది. ప్రోగ్రాం ఒకసారి ఎక్కించాక కంప్యూటర్ తీసేసినా బోర్డు తన పని తాను చేసుకుపోతుంది. బండికి కూడా నెంబరు ఇచ్చి, పట్టాల గుండానే కరెంటుతో పాటు ఆజ్ఞలు పంపే డి.సి.సి. అనే పద్ధతి ఉంది. అది ఖర్చుతో కూడినది. మొదలుపెట్టేవారికి దీపాలు చాలు.

ఊరు ఎలా చీకటి పడుతుంది?

అన్ని దీపాలూ ఒక్కసారి వెలిగిస్తే అది బల్లే తప్ప ఊరు కాదు. సాయంత్రం మన ఊళ్లో ఏం జరుగుతుందో గమనించాలి. ముందు కిళ్లీ కొట్టు, తర్వాత వీధి దీపాలు, ఆపైన ఒక్కొక్క ఇల్లు. వంటింటి దీపం ముందు, పడకగది దీపం తర్వాత. టీవీ ఉన్న గదిలో నీలి వెలుగు మినుకుమంటుంది. ఈ వరసను, మధ్య వ్యవధిని పిల్లలు కాగితం మీద రాసుకుని, తర్వాత ప్రోగ్రాంగా మార్చాలి. పగటి వెలుగును మెట్టుమెట్టుగా తగ్గించేటప్పుడు చివరి మెట్లు నెమ్మదిగా దిగాలి. మసక వెలుగులో చిన్న తేడా కూడా కంటికి పెద్దగా తెలుస్తుంది.

పచ్చదీపానికి షరతులు

అన్నిటికన్నా ముఖ్యమైనది సిగ్నల్ దీపం. ఇల్లు తప్పు వేళకు వెలిగితే నష్టం లేదు. సిగ్నల్ తప్పు వేళకు పచ్చగా వెలిగితే ప్రాణాలు పోతాయి. అసలు రైల్వేలో పచ్చదీపం షరతులు తీరాకే వెలుగుతుంది. పాయింట్లు సరైన దారికి పడి బిగిసి ఉండాలి. సిగ్నల్‌తో ముడిపడిన గేటు మూసి తాళం పడాలి. ముందున్న దారి ఖాళీగా ఉండాలి. ఇందులో ఏ ఒక్కటి లోపించినా ఎర్రదీపమే. పెద్ద స్టేషన్లలో ఈ షరతులన్నిటినీ నేడు కంప్యూటర్లే చూసుకుంటున్నాయి. ఏదైనా చెడిపోతే ఎరుపు వైపే మొగ్గేలా వాటిని తయారుచేస్తారు.

బల్ల మీద ఇవే షరతులు పెట్టవచ్చు. గేటు కింద ఒక చిన్న స్విచ్చి అమర్చి, గేటు పడితే తప్ప సిగ్నల్ పచ్చ కాకూడదని ప్రోగ్రాంలో రాయాలి. ఆ తర్వాత స్విచ్చి తీగను కావాలని ఊడదీసి చూడాలి. దీపం ఎర్రగానే ఉంటే ప్రోగ్రాం సరైనది. పచ్చగా మారితే మళ్లీ రాయాలి. సికింద్రాబాదులో 1957 నుంచి నడుస్తున్న ఇరిసెట్ సంస్థలో రైల్వే సిగ్నల్ సిబ్బంది నేర్చుకునే విద్యకు ఇది అక్షరాభ్యాసం వంటిది.

జాగ్రత్తలు

ఈ దీపాలకు 5 వోల్టులు చాలు. పూర్తి తెల్లటి వెలుగులో ఒక్కొక్కటి 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ముప్పై దీపాలకు 1.8 ఆంపియర్లు, అంటే 2 ఆంపియర్ల సెల్ ఫోన్ చార్జరు సరిపోతుంది. ఇంటి కరెంటు 230 వోల్టులు నేరుగా బల్ల మీదికి ఎట్టి పరిస్థితుల్లోనూ తేరాదు. తీర్థాల్లో తడి వెదుళ్లకు కట్టిన పాత సెట్టులకూ, వీటికీ ఉన్న పెద్ద తేడా ఇదే. మామూలు ఎల్.ఇ.డి. బల్బు వాడితే దానికి రెసిస్టర్ తప్పనిసరి. 5 వోల్టుల మీద ఎర్రదీపానికి 150 ఓమ్‌లు పెట్టాలి. సముద్రపు ఉప్పుగాలికి మన ప్రాంతంలో తీగల కొసలు త్వరగా చిలుము పడతాయి. మెలేసి వదలక సీసంతో అతకాలి.

ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లల కోసం కేంద్రం 2016లో ప్రారంభించిన అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడుల్లో ఇటువంటి బోర్డులు ఉంటాయి. లేని బడులు ఒక బోర్డు, ముప్పై దీపాలతో మొదలుపెట్టవచ్చు. ఊళ్లోని లైటింగు పనివారిని ఒక పూట బడికి పిలిస్తే తీగ అతకడం, వరస పెట్టడం వారికన్నా బాగా నేర్పేవారు ఉండరు. వారి పిల్లలు ఈ ప్రోగ్రాం నేర్చుకుంటే ఆ ఇంటి వృత్తికీ మేలు.

గౌతమి వంతెన మీదుగా తొలి బండి వచ్చేనాటికి, పచ్చదీపం ఎందుకు వెలిగిందో చెప్పగల పిల్లలు మన ఊళ్లలో తయారై ఉండాలి.