బాలింత నీళ్లు ఎక్కువ తాగితే బిడ్డకు జలుబు చేస్తుందా? పాలకూ నీళ్లకూ ఉన్న లింక్ ఇదే..

ప్రసవమై ఇంటికి రాగానే బాలింతకు పథ్యం మొదలు. అందులో ముందు కోత పడేది నీళ్లకే. ఎక్కువ తాగితే పొట్ట జారుతుంది, కుట్లు చీము పడతాయి, బిడ్డకు జలుబు చేస్తుంది.. చాలా ఇళ్లలో ఇప్పటికీ ఇదే మాట. ఇంకొన్ని ఇళ్లలో సీన్ రివర్స్. పాలు చాలట్లేదంటూ వద్దన్నా చెంబులకు చెంబులు తాగించేస్తారు. మరి ఏది కరెక్ట్? నిజానికి రెండూ కాదు.

తల్లిపాలలో దాదాపు 87 శాతం నీరే. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజుకు సుమారు 750 మిల్లీలీటర్ల పాలు తాగుతుంది. ఆ నీరంతా తల్లి ఒంట్లోంచే రావాలి కదా! అందుకే పాలిచ్చే తల్లికి రోజుకు మరో 700 మిల్లీలీటర్ల నీరు అదనంగా కావాలని యూరప్ ఆహార భద్రతా సంస్థ చెబుతోంది. అంటే మూడు గ్లాసులకు కాస్త అటూ ఇటూ. మజ్జిగ, పాలు, చారు.. ఏ రూపంలో వెళ్లినా లెక్కలోకే వస్తుంది.

మరి నీళ్లు తగ్గిస్తే? కాస్త తగ్గినంత మాత్రాన పాలు ఆగిపోవు. శరీరం ముందు బిడ్డ వాటా తీసి పక్కన పెడుతుంది. దెబ్బ పడేది తల్లికే. నోరెండిపోవడం, తలనొప్పి, నీరసం, మూత్రంలో మంట, మలబద్ధకం. కుట్లున్న బాలింతకు మలబద్ధకం ఎంత నరకమో అనుభవించిన వాళ్లకే తెలుసు. మే నెల ఎండల్లో రామగుండంలోనో రెంటచింతలలోనో ఉంటే చెప్పక్కర్లేదు. ఇక బిడ్డకు జలుబంటారా.. అది వైరస్‌ల వల్ల వస్తుంది, తల్లి తాగిన నీళ్ల వల్ల కాదు.

పోనీ, ఎక్కువ తాగితే పాలు పెరుగుతాయా? 2014లో కొక్రేన్ సంస్థ దీనిపై జరిగిన పరిశోధనలను జల్లెడ పడితే పనికొచ్చింది ఒక్కటే దొరికింది. 210 మంది తల్లులపై చేసిన ఆ స్టడీలో, అదనంగా ద్రవాలు తాగినా పాలు పెరిగిన దాఖలా లేదు.

పాలు పెరిగేది బిడ్డ చప్పరిస్తేనే. బిడ్డ రొమ్ము పట్టగానే ప్రొలాక్టిన్ హార్మోన్ విడుదలై పాలు తయారవుతాయి. రాత్రిళ్లు ఇది ఇంకా ఎక్కువ. రొమ్ము ఖాళీ అయిన కొద్దీ కొత్త పాలు ఊరతాయి. చాలట్లేదనే అనుమానంతో డబ్బా పాలు అలవాటు చేస్తే బిడ్డ చప్పరించడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. నీళ్ల గొడవ కన్నా అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

పాలిచ్చేటప్పుడు చాలామంది తల్లులకు ఒక్కసారిగా దాహం వేస్తుంది. పాలను బయటికి నెట్టే ఆక్సిటోసిన్ విడుదలయ్యే టైమ్ అది. పక్కనే నీళ్ల బాటిల్ పెట్టుకుని దాహం తీరేదాకా తాగితే చాలు. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్టే. గుండె, కిడ్నీ సమస్యలున్న వాళ్లు మాత్రం డాక్టర్ చెప్పిన కొలతే పాటించాలి.

బిడ్డకు మాత్రం ఆరు నెలలు నిండేదాకా, ఎండాకాలమైనా సరే, చుక్క నీళ్లు కూడా పట్టొద్దు. పుట్టిన ఐదో రోజు నుంచి రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా పడి ఉండి పాలు పట్టకపోయినా వెంటనే పిల్లల డాక్టర్‌కు చూపించాలి.