కీట్సు ఋతుగీతి – దేశకాల వైశిష్ట్యము

మమ్మటుడు కావ్యప్రకాశ తృతీయోల్లాసమున ఆర్థీవ్యంజనకు హేతువులను చెప్పుచు వక్తృబోద్ధవ్యాదులతో పాటు దేశకాలములను కూడ గ్రహించినాడు. ఆంగ్లకవి జాన్ కీట్సు 1819 సెప్టెంబరు 19న వించెస్టరులో రచించిన ‘టు ఆటమ్’ అను గీతికి తెలుగు దేశమున అర్థము చెప్పవలసివచ్చినపుడు ఈ లక్షణము మిక్కిలి ఉపకరించును.

‘ఆటమ్’ అనగా శరత్తని నిఘంటువు. అది తప్పు కాదు. కాని శరత్తనగానే తెలుగు విద్యార్థికి ఆరణ్యపర్వమున నన్నయ వర్ణించిన నిర్మల శరద్రాత్రులు స్ఫురించును. కీట్సు గీతిలో వెన్నెల ప్రసక్తియే లేదు. ఉన్నవి బరువెక్కిన ఫలములు, కోత, కొయ్యకాళ్లు. ఋతుసంహారమున సైతము శరత్తునాటి వరి పండీపండనిది, హేమంతమున పరిపక్వము. మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతములలో చెరువుల కింద వానకాలపు వరి కోతకు వచ్చునది కార్తీక మార్గశీర్షములలోనే. పేరున శరత్తైనను భావమున ఆ ఋతువు మన హేమంతమునకే సన్నిహితము.

రెండవ చరణమే గీతికి ప్రాణము. అందు ఋతువు మానవాకృతి దాల్చి గాదె నేలపై నిశ్చింతగా కూర్చుండును. తూర్పారబట్టు గాలికి కురులు కదలును. సగము కోసిన చాలులో నిద్రించును. పరిగె ఏరుకొను మనిషివలె తల నిబ్బరముగా నిలిపి వాగు దాటును. కొడవలి ఉన్నది, కోత ఆగినది. అంతము సమీపించియు క్షణకాలము నిలిచిన ఈ స్థితి వాచ్యము కాదు, వ్యంగ్యము. 1818 డిసెంబరులో కవి సోదరుడు టామ్ క్షయవ్యాధితో మరణించెను. 1821 ఫిబ్రవరి 23న కవియు రోము నగరమున అదే వ్యాధికి లోనై గతించెను. ఇది తెలిసినవారు గీతిని కరుణరసమున చేర్చ తొందరపడుదురు. కాని ఇందు శోకము స్థాయిగా పోషింపబడలేదు; విషాదము సంచారిగా తొంగిచూచి, శమమున లీనమగుచున్నది. శాంతమనుటయే యుక్తము.

అసలు చిక్కు చివరి చిత్రమున కలదు. ఆకసమున గుమిగూడు పక్షుల కిలకిలతో గీతి ముగియును. అవి వలసపోవునని కవి చెప్పలేదు. ఇంగ్లండు పాఠకునకు ఆ సమూహమే వీడ్కోలు, రానున్న శీతకాలమునకు సూచన. షామీర్‌పేట చెరువునకు మాత్రము చలికాలమున వలసపక్షులు వచ్చును. ఆ గట్టున పెరిగిన విద్యార్థికి పక్షులు గుమిగూడుట ఆగమన సూచన. విషాదము కాదు, సంబరము. శబ్దములన్నియు సరిగా అనువదింపబడినను ధ్వని తలక్రిందులగును. అధ్యాపకుడు చివరి పంక్తిని వ్యాఖ్యానించుటకు ముందు అక్కడి పక్షులు ఏ దిక్కునకు పోవునో చెప్పవలెను.