ఎండకి వెలుగు నిలుస్తుందా?

మీ ఫోన్‌ది ఎల్‌సీడీ స్క్రీనా? అయితే అందులోని ద్రవ స్ఫటికాలు సొంతంగా వెలగవు. వెనకాల ఉండే లైటు వెలుగును ఎక్కడ వదలాలో, ఎక్కడ ఆపాలో చూడటమే వాటి పని. ఆ వెలుగులో చాలా భాగాన్ని ఫిల్టర్లే మింగేస్తాయి. బ్యాటరీ అక్కడ బాగా ఖర్చవుతుంది. మరి ఆ స్ఫటికాలే వెలిగితే? నా పీహెచ్‌డీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

రెండుసార్లు కరిగింది!

ద్రవ స్ఫటికం నీళ్లలా పారుతుంది. కానీ గాలికి ఒకేవైపు వాలిన వరిపైరులా దాని అణువులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి. 1888లో ఆస్ట్రియా వృక్షశాస్త్రవేత్త ఫ్రెడరిక్ రైనిట్జర్ కొలెస్టెరిల్ బెంజోయేట్‌ని వేడి చేస్తే, సుమారు 145 డిగ్రీల దగ్గర కరిగి మసగ్గా మారింది. 178 దాటాక తేటపడింది. ఆ మధ్యలో ఉన్నదే ద్రవ స్ఫటికం. అంటే ఈ కథ మొదటి నుంచీ వేడిదే.

1973లో ఇంగ్లండ్‌లోని హల్ యూనివర్సిటీలో జార్జ్ గ్రే బృందం ప్రకటించిన 5సీబీ మామూలు గది వేడిలోనే పనిచేసింది. కానీ 35 డిగ్రీలకే దాని వరుస చెదిరిపోతుంది. గుంటూరులో మే నెల ఎండకి అది ఏం ఆగుతుంది? అందుకే వేరే అణువులు కలిపి, సుమారు 60 డిగ్రీల దాకా తట్టుకునే ఈ7 లాంటి మిశ్రమాలు చేశారు.

గ్రాఫ్‌లో మెలిక

వెలిగే స్ఫటికాలకూ ఇదే పరీక్ష. రెండు గాజు పలకల మధ్య సన్నటి సందులో శాంపిల్ నింపి, హాట్ స్టేజ్ మీద పెట్టి, అల్ట్రావయొలెట్ కాంతి వేస్తాను. ఒక్కో డిగ్రీ పెంచుతూ వెలుగు ఎంతుందో, ఏ రంగులో ఉందో రాసుకుంటాను.

వేడి పెరిగేకొద్దీ వెలుగు సాధారణంగా మెల్లగా తగ్గుతుంది. అణువులు ఎక్కువగా కదులుతూ, తీసుకున్న శక్తిని కాంతిగా కాకుండా వేడిగా వదిలేస్తాయి. ఇది మామూలే. కానీ ఒకచోట గ్రాఫ్ ఠక్కున విరగొచ్చు. వరుస చెదిరిందన్నమాట! వరుస ఉన్నప్పుడు వెలుగు కూడా ఎక్కువగా ఒకే దిశలో కంపిస్తుంది. అలాంటి వెలుగైతే ఫిల్టర్‌లో వృథా తగ్గుతుంది. వరుస పోతే ఆ లాభమూ పోతుంది.

ఇక అసలు పరీక్ష చల్లార్చాక. వెలుగు మళ్లీ మునుపటిలా వస్తే తగ్గించింది వేడే, ఆ పదార్థంతో ముందుకెళ్లొచ్చు. రాకపోతే అణువే పాడైనట్టు. ఎంత అందంగా వెలిగినా సరే, దాన్ని పక్కన పెట్టేయాల్సిందే.