మొండి జోనంగికి మాట నేర్పేదెలా?

వరి కోతలై కుప్పలు పడి, మాగాణుల్లో మినుము మొలకెత్తే రోజుల్లో దివిసీమ రైతుకు కాపలా పని పెరుగుతుంది. కల్లంలో ధాన్యం ఉంటుంది. చెరువు గట్టున ఇంజను, కరెంటు వైర్లు, మేత బస్తాలు ఉంటాయి. ఎకరం, అరెకరం రైతుకు కాపలా మనిషిని పెట్టుకునే స్తోమత ఎక్కడిది? మకాం దగ్గర ఒక కుక్కను కట్టేసుకుంటాడు. దొంగను ఆపితే మేలే. మరి అదే కుక్క మినుము తీతకు వచ్చిన కూలీ మనిషి పిక్క పట్టుకుంటే? గట్టు మీదుగా బడికెళ్లే పిల్లవాణ్ణి తరిమితే? ఆస్పత్రి ఖర్చు ఒక ఎత్తు, మర్నాటి నుంచి ఆ చేలో దిగటానికి మనుషులు వెనకాడటం ఒక ఎత్తు.

'మా కుక్క మంచిదేనండీ, కాకపోతే మొండిది, మాట వినదు' అనే రైతులు కోడూరు చుట్టుపక్కల కనిపిస్తూనే ఉంటారు. ఆ మొండితనం ఎక్కడిదో తెలిస్తే సగం పని అయినట్టే.

మన డెల్టాకు సొంత కుక్క ఒకటుంది. అదే జోనంగి. కొల్లేరు చుట్టుపక్కల, కృష్ణా గోదావరి డెల్టాల్లో పుట్టి పెరిగిన జాతి ఇది. పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, వంకీ తిరిగిన తోక దీని గుర్తులు. అందరి కుక్కల్లా ఎడతెగకుండా మొరగదు, ఊళ కలిసిన వింత గొంతు చేస్తుంది. నేల గోకి గుంట తీసి అందులో పడుకుంటుంది. కోతలయ్యాక చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందలు తోలుకొచ్చేవారికి ఇది కుడిభుజంగా ఉండేది. ఉడుముల వేటకూ వాడేవారు. (ఇప్పుడు ఉడుమును పట్టినా, చంపినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. కుక్క పట్టింది, మేం కాదు అంటే చెల్లదు.) పొలాలు చెరువులైపోయాక బాతుల మందలు తగ్గాయి, జోనంగికి పని పోయింది. ఊరకుక్కలతో కలిసిపోయి అసలు జాతి అరుదైంది. 2020 ఆగస్టు 30న ప్రధాని మోదీ రేడియోలో మాట్లాడుతూ ముధోల్, రాజపాళయం, చిప్పిపారై వంటి పేర్లు చెప్పి దేశవాళీ కుక్కల్ని పెంచమన్నారు. అందులో మన జోనంగి పేరు లేదు. మనమే పట్టించుకోనప్పుడు ఢిల్లీ వరకూ ఎలా చేరుతుంది?

జోనంగి ఒక్కరినే యజమానిగా ఎంచుకుంటుంది. మంద వెంట తిరిగేటప్పుడు అడుగడుగునా ఆజ్ఞ కోసం చూడకుండా తనే తేల్చుకునేది. కాపలా జాతులన్నీ ఇంతే. టర్కీ కంగల్ కుక్కల్ని తీసుకోండి. ఆఫ్రికాలోని నమీబియాలో చీతాల బారి నుంచి మేకల్ని కాపాడటానికి 1994 నుంచి ఈ రకం కుక్కల్ని రైతులకు ఇస్తున్నారు. కూనగా ఉన్నప్పుడే మేకల మధ్య వదులుతారు. మందే తన కుటుంబమని ఆ వయసులోనే మనసులో పడిపోతుంది. పిలిస్తే వెంటనే పరుగెత్తి రాకపోవచ్చు గానీ మందను వదలదు. అంటే మనం మొండితనం అంటున్నది చాలావరకు దాని పనితనమే. దాన్ని విరిచేస్తే కాపలా కూడా పోతుంది. హద్దు నేర్పటమే మన పని.

మొక్కై వంగనిది మానై వంగదన్న సామెత కుక్కకు బాగా వర్తిస్తుంది. కూనను రెండు నెలలు నిండాకే తల్లి నుంచి వేరు చేయాలి. అప్పటి నుంచి మూడున్నర నెలల వయసు దాకా ఏది చూస్తే దానికి అలవాటు పడుతుంది. ఆ రోజుల్లో పాలు పోసేవాడు, మేత కట్టే మనిషి, చుట్టుపక్కల పిల్లలు, గేదెలు, కోళ్లు, మోటారు సైకిలు, అన్నీ దాని కంట పడాలి. మనుషుల్ని చూపిస్తే కాపలా కుక్క మెతకబడుతుందన్న భయం అనవసరం. రోజూ వచ్చేవాళ్లెవరో తెలిసిన కుక్కే కొత్తవాణ్ణి గుర్తు పడుతుంది. ఎవరినీ చూడకుండా గొలుసున పెరిగిన కుక్కకు లోకమంతా దొంగలే.

నేర్పే మాటలు నాలుగైదు చాలు: రా, ఆగు, కూర్చో, వదులు, వద్దు. ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు 'రా' అని, మరొకరు 'ఇటొచ్చి చావు' అంటే కుక్కకేం అర్థమవుతుంది? పది మీటర్ల తాడు మెడపట్టీకి కట్టి, 'రా' అంటూ మెల్లగా లాగి, దగ్గరకు రాగానే చిటికెడు ఎండుచేప ముక్క పెట్టండి. రోజుకు రెండుసార్లు, అయిదేసి నిమిషాలు. తిండి పెట్టకముందు నేర్పితే త్వరగా వింటుంది. తాడు లేకుండా పది పిలుపులకు పదిసార్లు వచ్చేదాకా తాడు తీయొద్దు. పిలిచి కొట్టటం మాత్రం అన్నిటికన్నా చెడ్డది. ఒక్కసారి అలా చేస్తే మళ్లీ పిలుపుకు రాదు.

హద్దు నేర్పటానికి తాడు పట్టుకుని పొద్దున, సాయంత్రం గట్టు చుట్టూ ఒకే దారిన తిప్పాలి. పక్క రైతు గట్టు దగ్గర 'వద్దు' అని వెనక్కి మళ్లించాలి. రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి. ఎనిమిదో నెల నుంచి ఏడాదిన్నర లోపు, నేర్చినదంతా మరిచినట్టు ఎదురు తిరుగుతుంది. చాలామంది కర్ర తీసేది అప్పుడే. కాపలా జాతి కుక్క దెబ్బకు లొంగదు, లోపల పగ పెంచుకుంటుంది. మళ్లీ తాడు కట్టి మొదటి నుంచి మొదలుపెట్టటమే మందు.

ఇప్పటికే ఒకరిద్దరి మీదకు ఎగబడిన కుక్కకు వేరే ఏర్పాటు కావాలి. రెండు గుంజలు పాతి తీగ లాగి, దానికి రింగు వేసి గొలుసు తగిలిస్తే అటూ ఇటూ తిరుగుతుంది. పగలు అలా ఉంచి, కూలీలు వెళ్లాకే విప్పాలి. అదీ కంచె లోపలే. పొట్టి గొలుసున రాత్రింబవళ్లు కట్టేస్తే కుక్క మరింత క్రూరమవుతుంది. కుక్క వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త పడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291 సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

నెమ్మదైన కుక్క ఉన్నట్టుండి పిచ్చిగా కరవటం, చొంగ కార్చటం, గొంతు మారటం, మట్టీ కర్రా నమలటం చేస్తే అది మొండితనం కాదు, రేబిస్ కావచ్చు. గొంతులో ఏదో అడ్డుపడిందని నోట్లో చెయ్యి పెట్టొద్దు. వెంటనే పశువైద్యుడికి కబురు చేయాలి. కరిచిన చోట సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి ఆరోగ్య కేంద్రానికి పోవాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. రోగం పైకి తేలాక మందు లేదు. కుక్కకు మూడో నెలలో టీకా వేయించి, ఆ తర్వాత పశువైద్యుడు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి, ఏటా మరవకూడదు. జులై 6న పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు.

జోనంగి గోకుడు బుద్ధితో ఇంకో తంటా ఉంది. ఎలుకల కోసం 96 పాళ్ల నూకలు, 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమడియోలోన్ కలిపి కన్నాల్లో పెడతాం కదా, ఆ పొట్లాన్ని కుక్క తవ్వి తింటుంది. మందు తిన్న ఎలుకను తిన్నా ముప్పే. రెండు మూడు రోజులదాకా ఏమీ కనబడదు, తర్వాత నీరసించి చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం వస్తుంది. విటమిన్ కె1 ఇప్పిస్తే బతుకుతుంది. వేళకు తీసుకెళ్లాలి. ఎర పెట్టిన వారం కుక్కను కట్టే ఉంచండి, చచ్చిన ఎలుకల్ని ఏరి లోతుగా పాతేయండి.

హంసలదీవి, పాలకాయతిప్ప వైపు రైతులు మరొకటి చూసుకోవాలి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. మడ అడవుల అంచున చేపలు పట్టే బావురుపిల్లి తిరుగుతుంది. ఆ రోజుల్లో రాత్రిపూట కుక్కను తీరం వైపు వదలొద్దు.