ఇంటి భాష, బడి భాష: కౌమారదశలో ఉపాధ్యాయుని బాధ్యత

కర్ణాటకలోని చిక్కబళ్ళాపురం జిల్లా, బాగేపల్లి తాలూకా, మిట్టేమరి హోబళి ప్రాంతంలో ఇళ్ళలో ఎక్కువగా వినిపించేది తెలుగు. బడిలో పాఠాలు సాధారణంగా కన్నడంలో నడుస్తాయి. పిల్లలకు రెండూ అలవాటే. అయినా హైస్కూలు వయసు వచ్చేసరికి కొందరు తరగతిలో నోరు విప్పడానికి జంకుతారు. ఇంట్లో గలగల మాట్లాడే పిల్లవాడు యాస బయటపడుతుందేమోనని ఇక్కడ తలవంచుకుంటాడు. దీనిని తెలివితక్కువతనంగా లెక్కగట్టడం పొరపాటు.

కౌమారదశలో ప్రధానమైన ప్రశ్న 'నేనెవరిని?' అన్నదేనని మనోవిజ్ఞాని ఎరిక్ ఎరిక్సన్ 1950లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. దీనికి జవాబు పిల్లవాడు ఒంటరిగా వెతుక్కునేది కాదు. తనను నలుగురు ఎలా గుర్తిస్తున్నారన్నది కూడా అందులో భాగమే. ఇంట్లో అమ్మ మాట్లాడే భాష బడిలో నవ్వులపాలైతే, ఆ జవాబు సగంలోనే ఆగిపోతుంది.

ఈ విషయంలో చట్టం చేసే సాయం కొంతవరకే. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో బోధన గురించి చెబుతున్నా, అది ప్రాథమిక దశకే పరిమితం. కనుక పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లల విషయంలో మిగిలే ఆధారం తరగతిలో ఉన్న ఉపాధ్యాయుడే. ఆయన ఏమి చేయవచ్చు?

ఒక ఉదాహరణ చూద్దాం. కన్నడ పాఠంలో ఒక బాలిక 'హాలు' అనవలసిన చోట పొరపాటున 'పాలు' అన్నదనుకుందాం. కన్నడంలో ఆ మాటకు వాటా అని అర్థం గనుక తరగతి నవ్వుతుంది. ఉపాధ్యాయుడు తప్పు దిద్ది ఊరుకోవచ్చు. లేదా, వెయ్యేళ్ళ క్రితం కన్నడంలోనూ ఆ మాట 'పాల్' అనే ఉండేదని చెప్పవచ్చు. హళగన్నడంలో చాలా మాటల మొదట ఉన్న పకారం కాలక్రమాన హకారమయింది. 'పులి' 'హులి' అయింది, 'పూ' 'హూవు' అయింది, 'పోగు' 'హోగు' అయింది. తెలుగు మాత్రం పులి, పువ్వు, పో అనే నిలుపుకున్నది. అంటే హళగన్నడ పద్యం ముందుకు వచ్చినప్పుడు, తెలుగింటి పిల్లల చేతిలో ఒక తాళంచెవి ఉన్నట్టే. ఇంతవరకు దాచుకున్న మాటే తరగతికి పనికివచ్చిన రోజున ఆ బాలిక తలెత్తుతుంది. ఆమె కన్నడమూ బాగుపడుతుంది.

రెండు భాషలు ఒక మనిషిలో ఇముడుతాయనడానికి దూరం పోనక్కరలేదు. పొరుగున చింతామణి తాలూకాలోని కైవారం నారేయణ తాతయ్య తెలుగులోనూ కన్నడంలోనూ రచనలు చేశారు. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు పదవ శతాబ్దంలో కరీంనగర్ ప్రాంతపు కుర్క్యాలలో వేయించిన శాసనంలో సంస్కృత, కన్నడ పద్యాలతోపాటు తెలుగు కందాలూ ఉన్నాయి.

ఆచరణలో కొన్ని జాగ్రత్తలు అవసరం. 'నువ్వు తెలుగువాడివి గదా, చెప్పు' అని ఒకరిని వేలెత్తి చూపరాదు. తెలిసినవారు తామై చెప్పేలా ప్రశ్న తరగతి అంతటికీ వేయాలి. తెలుగు రాని ఉపాధ్యాయుడు దానిని నేర్చుకుని తీరాలని మేము అనడం లేదు. 'మీ ఇంట్లో దీన్ని ఏమంటారు?' అని అడిగి, జవాబును నల్లబల్లపై రాస్తే చాలు. ఉర్దూ మాట్లాడే ఇంటి పిల్లలను కూడా అదే ప్రశ్న అడగాలి. మిట్ట అంటే మెరక అని మనకు తెలుసు. అయితే మిట్టేమరి అన్న పేరు ఎలా వచ్చిందో పెద్దలను అడిగి రాసుకు రమ్మంటే, అవ్వాతాతల మాటకు బడిలో విలువ ఏర్పడుతుంది. వచ్చిన కథలు ఒకదానితో ఒకటి కలవకపోయినా నష్టం లేదు, వాటిని పోల్చి చూడడమూ చదువే.

కన్నడం ఈ పిల్లలకు బతుకుతెరువు, రాష్ట్ర జీవితంలోకి దారి. దానిని నేర్చుకోవడానికి తెలుగును గుమ్మం బయట విడిచి రావలసిన పని లేదని వారికి తెలియజేయగలవాడు ఉపాధ్యాయుడే.