కరెంటుకు చెరువు

పిల్లలూ! వాన మనకు కావలసినప్పుడు కురవదు, తనకు తోచినప్పుడు కురుస్తుంది. అందుకే మన పూర్వులు చెరువులు తవ్వించారు. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం అనే వూరున్నది. కాకతి గణపతిదేవ చక్రవర్తి సోదరి మైలాంబ అక్కడ పెద్ద చెరువు తవ్వించి, శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమం తెలుసుకోవడానికి ఆ శాసనం చరిత్రకారులకు ఎంతో ఉపకరించింది.

నీటికి చెరువు వున్నది. మరి కరెంటుకో?

భూపాలపల్లి జిల్లాలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వున్నది. అందులో రెండు యంత్రాలు. ఒకటి 500 మెగావాట్లది, రెండవది 600 మెగావాట్లది. అక్కడ బొగ్గు మండించి, నీటిని ఆవిరి చేసి, ఆ ఆవిరితో చక్రాలు తిప్పి కరెంటు పుట్టిస్తారు. అయితే పుట్టిన కరెంటును గాదెలో పోసి దాచడానికి వీల్లేదు. ఊళ్లలో ఏ క్షణాన ఎంత ఖర్చవుతున్నదో, ఆ క్షణాన అంతే పుట్టించాలి. తక్కువయితే దీపాలు ఆరిపోతాయి, ఎక్కువయితే యంత్రాలు చెడిపోతాయి.

పూర్వం జనగామ ప్రాంతంలో రైతులు వంతుల వారీగా వచ్చే కరెంటు కోసం అర్ధరాత్రి బావుల దగ్గరికి వెళ్లేవారు. చీకట్లో పాములు, తేళ్లు, తడి చేత్తో మోటారు మీట! 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో సేద్యానికి రోజంతా కరెంటు ఇవ్వడం మొదలయింది. కాని అంత కరెంటు ఎల్లకాలం బొగ్గుతోనే పుట్టించలేము. బొగ్గు తరిగేదే గాని పెరిగేది కాదు. పైగా దాని పొగ గాలిని చెరుస్తుంది. ఎండతో కరెంటు పుట్టిస్తే పొగ లేదు, ఖర్చూ తక్కువ. చిక్కల్లా ఒకటే. మనం దీపం వెలిగించే వేళకు సూర్యుడు అస్తమిస్తాడు! అందుకని పగటి కరెంటును రాత్రికి దాచే ఉపాయం కావాలి.

ఒక ఉపాయం నిజంగా నీళ్లతోనే జరుగుతుంది. శ్రీశైలం ఎడమగట్టున భూమిలోపల ఆరు యంత్రాలున్నాయి. ఒక్కొక్కటి 150 మెగావాట్లది. నీరు పైనుంచి దిగేటప్పుడు అవి కరెంటు పుట్టిస్తాయి. కరెంటు మిగిలిన వేళ వాటినే వెనక్కు తిప్పి, కింది నీటిని మళ్లీ పైకి తోడవచ్చు. కాని ప్రతి వూరికీ ఒక శ్రీశైలం ఎక్కడ దొరుకుతుంది? ఇంటింటికీ, వీధివీధికీ కావలసింది బ్యాటరీ.

జనగామ జిల్లాలోని పెంబర్తి ఇత్తడి పనికి పేరుపడ్డ వూరు. ఇత్తడి అంటే రాగి, తుత్తునాగం కలిసిన లోహం. ఈ రెండు లోహాలనూ కలిపి కరిగించకుండా విడివిడి బిళ్లలుగా చేసి, మధ్య ఉప్పునీటిలో తడిపిన గుడ్డ పెడితే ఏమవుతుంది? కరెంటు పారుతుంది! 1800లో ఇటలీ శాస్త్రవేత్త వోల్టా ఇలాంటి బిళ్లలను దొంతరగా పేర్చే మొట్టమొదటి బ్యాటరీ తయారు చేశాడు.

ఇప్పుడు సెల్‌ఫోనులో వుండేది లిథియం బ్యాటరీ. ఇది 1991లో బజారుకు వచ్చింది. దీనికి బాటలు వేసిన గుడెనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమానం లభించింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97 ఏళ్లు!

ఈ బ్యాటరీని ఒక ఏరు అనుకోండి. దానికి రెండు గట్లు. చార్జి చేసేటప్పుడు లిథియం కణాలు ఈ గట్టునుంచి ఆ గట్టుకు వెళ్లి, పుస్తకంలో నెమలీకల్లాగా గ్రాఫైటు పొరల మధ్య దూరి కూచుంటాయి. మనం దీపం వేయగానే అవి తిరుగు ప్రయాణం కడతాయి. వాటి జంట అయిన ఎలక్ట్రానులకు మాత్రం ఏరు దాటే వీలు లేదు. అవి బయట తీగ వెంట చుట్టు తిరిగి రావాలి. అలా వచ్చే దారిలోనే మన దీపం వెలిగిస్తాయి.

మరి మొదటి గట్టు దేనితో కడతారు? కొన్ని బ్యాటరీలలో కోబాల్టు వాడతారు. అది ఖరీదైనది, అరుదైనది. 1997లో గుడెనఫ్ బృందం ఇనుము, భాస్వరం కలిసిన పదార్థంతో ఆ పని చేయవచ్చునని ప్రకటించింది. ఇది చవక, త్వరగా అంటుకోదు. అయితే దీనికొక లోపమున్నది. కరెంటును సరిగా పారనివ్వదు. అందుకని ప్రతి రేణువుకూ పలుచగా కర్బనం పూత పూస్తారు. హైదరాబాదులో లోహపు పొడులమీద, కొత్త పదార్థాలమీద పరిశోధించే ఏ.ఆర్.సి.ఐ. సంస్థవారు ఇటువంటి పూతగల పొడిని తయారుచేసే పద్ధతిని రూపొందించారు.

ఇక్కడ ఒక తమాషా గమనించండి. గ్రాఫైటును రాగి రేకు మీద పూస్తారు. పెంబర్తి పనివారికి రాగి కొత్త కాదు. బయ్యారం కొండల్లో ఇనుపరాయి వున్నది. భూపాలపల్లి గనుల్లో వున్న బొగ్గులో ముఖ్యమైనది కర్బనమే. బ్యాటరీకి కావలసిన మూడు మూలకాలకూ ఈ మూడు జిల్లాలూ పాత చుట్టాలే!

బ్యాటరీ తోడుంటే వీధిదీపానికి కూడా తెలివి వస్తుంది. స్తంభం తలమీద ఎండపలక, పక్కన బ్యాటరీ, ఒక చిన్న మీటల పెట్టె వుంటాయి. చీకటి పడగానే దీపం తనంతట తానే వెలుగుతుంది. అర్ధరాత్రి మందగిస్తుంది. మనిషి అలికిడయితే కాంతి పెంచుతుంది. బ్యాటరీ వేడెక్కితే ఆ పెట్టె కరెంటు ఆపేస్తుంది.

మీరూ ఒక చిన్న బ్యాటరీ చేయవచ్చు. నాలుగు నిమ్మకాయలు తీసుకుని, ఒక్కొక్క దానికి తుత్తునాగం పూత వున్న ఒక మేకు, ఒక రాగితీగ ముక్క గుచ్చండి. అవి లోపల ఒకదానికొకటి తగలకూడదు. ఒక కాయ రాగిని తరువాతి కాయ మేకుకు తీగతో కలుపుతూ పోండి. చివర మిగిలిన రాగికి ఎర్రని ఎల్.ఇ.డి. బల్బు పొడుగు కాలు, మేకుకు పొట్టి కాలు తగిలించి, చీకట్లో చూడండి. మిణుగురులా వెలుగుతుంది. ఆ నిమ్మకాయలు మాత్రం తినకూడదు. పాడయిన ఫోను బ్యాటరీలను, కారు బ్యాటరీలను ఎన్నడూ పగలగొట్టవద్దు. ఒకటి భగ్గుమంటుంది, రెండవదానిలో సీసపు విషం, ఆమ్లం వుంటాయి.

లిథియాన్ని మనం పరదేశాలనుంచి తెచ్చుకుంటున్నాము. ఉప్పులో వుండే సోడియం చేత ఆ పని చేయించాలని మన దేశంలోనూ, ఇతర దేశాల్లోనూ శాస్త్రజ్ఞులు కృషి చేస్తున్నారు. అది చవకగా, మన్నికగా కుదిరిననాడు ప్రతి పల్లెకూ కరెంటు చెరువు వస్తుంది. అలాంటి చెరువు తవ్వే మైలాంబ మీలోనే ఎవరో ఒకరు కావచ్చు.